ఆమెన్ అనకండి

పోయినవారం శాంతమ్మని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, ప్లాట్‌ఫారం మధ్యలో, కూతురి రెండు చేతులూ పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. శాంతమ్మ ఆమదాలవలసలో జాకెట్లు కుట్టే మనిషి. కూతురు రూబీకి రెండేళ్ళ వయసులో జ్వరమొచ్చి చెవులు పోయాయి. ఆ పిల్ల చేత మాట పలికించడానికి శాంతమ్మ తన వయసంతా ధారపోసింది. ఇంటర్ పాసైన రూబీ, వినబడని పిల్లలకి చేతి భాషలో డిగ్రీ చెప్పే కాలేజీ ఒకటి విశాఖపట్నంలో ఉందని తెలిసి, వారం రోజుల శిబిరానికి వెళ్ళింది. అక్కడ సీటు ఇస్తామన్నారు. తిరిగొచ్చి రైలు దిగి, ఇంకా రైల్లోనే ఉన్న స్నేహితురాలితో కిటికీలోంచి చేతులతో మాట్లాడుతూ, పకపకా నవ్వుతూ, తల్లి కంట పడింది. చేతులతో మాట్లాడటం ఆ ఇంట్లో నిషేధం. శాంతమ్మ గబగబా వెళ్ళి ఆ చేతులు రెండూ పట్టుకుని కిందికి దించేసింది. జనం చూస్తుండగానే రైలు కదిలిపోయింది.

ఇంకా అక్కడే నిలబెడితే ఆవిడ కాళ్ళు పీకుతాయి. ఇంటికి తీసుకెళ్దాం.

ఆటోలో తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వినబడని పిల్లతో పోట్లాటలో ఉన్న సుఖమూ అదే, నరకమూ అదే. మొహం తిప్పుకుంటే చాలు, గొడవ ఆగిపోతుంది. శాంతమ్మకి అసలు గొడవపడే ఓపికే లేదు. తెల్లారగట్ల లేచి పెళ్ళివారి జాకెట్లు పూర్తిచేసి, పులిహోరకి చింతపండు పిసికి, చెయ్యి కడుక్కుంటూనే స్టేషనుకి పరిగెత్తింది. నడుం ఎక్కడికక్కడ పట్టేసింది. కళ్ళు మూస్తే నిద్రొచ్చేలా ఉంది.

సందు మొదట్లో దిగేసరికి ఇంటి ముందు షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. వాటిని తువ్వాలుతో దులిపి వరసగా వేస్తున్నాడు బెన్హర్, రూబీ తండ్రి. రైస్ మిల్లులో కాటా దగ్గర పని. పెళ్ళాం ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆ ఇంట్లో మాటలు రానిది పిల్లకి కాదు, బెన్హర్‌కే అని చర్చి సంఘంలో వేళాకోళం చేస్తారు. కూతుర్ని చూసి నవ్వి, భార్య మొహం చూసి ఆ నవ్వు దాచుకుని, మళ్ళీ కుర్చీల్లో పడ్డాడు.

"ఎందుకమ్మా ఇదంతా?" అని అడిగింది రూబీ.

ఒక మాట. రూబీ మాటల్ని శాంతమ్మకి వినబడినట్టుగా ఇక్కడ రాస్తున్నాను. మీరూ నేనూ పక్కన నిలబడితే ఏం వినేవాళ్ళమో తర్వాత చెబుతాను.

"నీకు సీటొచ్చింది కదే. సాయంత్రం కృతజ్ఞతా కూడిక. పాస్టరు అయ్యగారొస్తారు."

పిల్ల మొహం చాటంత అయింది. నడిరోడ్డు మీదే తల్లి మెడ కౌగిలించుకుంది. "పంపిస్తావా అమ్మా? సోమవారం సేరిపోవాలంట. సేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారంట. హాస్టల్లో నా మంచం కూడా సూసుకున్నాను."

శాంతమ్మ ఆ చేతులు విడదీసి, తన పెదాలు కనబడేలా పిల్ల మొహం తనవైపు తిప్పుకుంది. "ఆ సీటు కాదు. మన ఊరి కాలేజీలో. గణపతిరావు మాస్టారు పాఠం సెప్పే సోటే. ఆయనే మాటాడి ఇప్పించారు."

"నన్నడగనేదు."

"అడిగేదేటి? అందరి పిల్లల్తో కలిసి కూకుంటావు, అందరి పిల్లల్లాగే మాటాడతావు. ఆ సేతులాడించుకునే కాలేజీకి పంపటానికేటే నేను నీకు మాట నేర్పింది?"

గుమ్మంలో కూర్చుని కొత్తిమీర వొలుస్తున్న అప్పలమ్మ తలెత్తింది. బెన్హర్ తల్లి. వయసు మీద పడి ఆవిడకీ చెవులు మందగించాయి. "ఓలమ్మ! పిల్ల గుమ్మంలోకి రాకుండానే ఏటే ఆ గోల? ముందు కాళ్ళు కడుక్కోనీ. గుంట ఒక వారానికే సగమైపోనాది."

రూబీ కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

శాంతమ్మని తిట్టుకోకండి. పిల్ల చిన్నప్పుడు మాట నేర్పే టీచరు ఒకావిడ గట్టిగా చెప్పింది, చేతులు కదలనిస్తే నోరు కదలదని. చదువుకున్నావిడ చెప్పింది కదా, శాంతమ్మ దాన్ని బైబిలు వాక్యంలా పట్టుకుంది. అన్నం దగ్గర రూబీ ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చోవాలి. నీళ్ళు కావాలంటే నోటితో అడగాలి, చెయ్యి చూపిస్తే గ్లాసు రాదు. బెన్హర్ ఒకసారి జాలిపడి చేత్తో ఏదో సైగ చేస్తే, భార్య రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అలా అలా ఆ పిల్ల నోట్లోంచి ఒక్కో అక్షరం బయటికి లాగింది. చిట్టచివరికి సంఘంలో నిలబడి వాక్యం చెప్పేదాకా తెచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. శాంతమ్మ ఆ నోటి కోసం ఒళ్ళు గుల్ల చేసుకుంది.

పులిహోరలోకి పల్లీలు వేయిస్తుంటే రూబీ వంటగదిలోకి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. నిజం సెప్పు. నా మాట అందరికీ అర్థమవుతాదా?"

"అవుతాది. ఎందుకవదు?"

"విశాఖపట్నంలో సబ్బు కొందామని కొట్టుకెళ్ళాను. సబ్బు ఇమ్మన్నాను. కొట్టాయన సెవి నా దగ్గరకి వంచాడు. మళ్ళీ అన్నాను. కాయితం, పెన్ను నా ముందుకి తోసాడు. పక్క కొట్టుకెళ్ళాను. అక్కడ ఒకావిడ నన్ను సూసి భయపడింది."

"ఆళ్ళు కొత్తోళ్ళు. మన యాస ఆళ్ళకేటి తెలుస్తాది?"

"మన ఊళ్ళో నేను అడక్కముందే ఇచ్చేస్తారు. నేను వచ్చానంటే ఏటి కొంటానో ఆళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ అది నా మాటే అనుకున్నాను."

గరిట ఆగింది. పల్లీలు మాడుతున్న వాసన వచ్చాక మళ్ళీ తిరిగింది. "ఏటా క్రిస్మస్‌కి నువ్వు వాక్యం సెప్తే అయ్యగారి కళ్ళంట నీళ్ళు కారతాయి. సూళ్ళేదేటి? అర్థం కాకపోతే ఏడుస్తారేటి ఎవరైనా?"

రూబీ తల్లి పెదాలనే చూస్తూ అడిగింది, "ఇవాళా సెప్పాలా?"

"సెప్పాలి."

"సరే."

సరే అని అంత తేలిగ్గా అనేసరికి శాంతమ్మకి అనుమానం రావాల్సింది. రాలేదు. అలిసిపోయిన మనిషికి ఎవరైనా సరే అంటే, అదే పదివేలు.

ఎండ తగ్గేసరికి జనం చేరారు. "వందనాలమ్మా," "వందనాలండి," అనుకుంటూ ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుని ముందు వరసల్లో కూర్చున్నారు. గణపతిరావు మాస్టారు సంఘం మనిషి కాదు, అయినా పిలిస్తే వచ్చారు. ఆయనకి ప్రత్యేకంగా చేతుల కుర్చీ వేశారు. పాట అయింది, ప్రార్థన అయింది. కృపానిధి అయ్యగారు లేచారు. మంచాయన. ఎవరింట్లో కష్టమొచ్చినా వానలో తడుస్తూ సైకిలు మీద వచ్చే మనిషి. "ఈ బిడ్డ నోరు దేవుడు తెరిచాడు," అని ఏటా అన్నట్టే ఇవాళా అన్నారు. శాంతమ్మ కూడా ఏటా అనుకున్నట్టే, 'నేనూ కాస్త తెరిచానండి' అని మనసులో అనుకుంది.

"రామ్మా రూబీ. వాక్యం చెప్పు."

రూబీ లేచి ముందుకొచ్చింది. ఎప్పటిలాగే ఓణీ తలమీదికి లాక్కుని చేతులు కట్టుకుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఇప్పుడు చెబుతాను, మనం అక్కడుంటే ఏం వినేవాళ్ళమో. ముక్కుతో లాగినట్టుండే ఒక గొంతు. హెచ్చాల్సిన చోట తగ్గుతుంది, తగ్గాల్సిన చోట హెచ్చుతుంది. సగం అక్షరాల బదులు ఉత్త గాలి. ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. మనసు కలుక్కుమంటుంది గానీ ముక్క అర్థం కాదు. కానీ ఆ వాక్యం అక్కడ అందరికీ కంఠతా వచ్చినదే. రూబీ చిన్నప్పట్నుంచీ ఏటా చెప్పేది అదే వాక్యం. ఆ పిల్ల గొంతు విప్పగానే వాళ్ళ మనసుల్లో అది దానంతటదే సాగిపోతుంది. అర్థమైందనే అనుకుంటారు. పాపం, అబద్ధమాడరు. నిజంగానే అనుకుంటారు.

"నేను ఇవాళ వాక్యం సెప్పట్నేదు," అంది రూబీ.

శాంతమ్మ కళ్ళు తెరిచింది.

"నా మాట ఇంట్లోవాళ్ళకి కాకుండా మీలో ఒక్కరికైనా అర్థమైతే, ఆమెన్ అనకండి. సెయ్యెత్తండి. ఒక్క సెయ్యి లేసినా సాలు. నేను ఈ ఊళ్ళోనే సదువుకుంటాను. అమ్మ మాట ఇంకెప్పుడూ కాదనను."

వాక్యం చెప్పినట్టే చెప్పింది. ఏటా ఆగే చోటే ఆగి, ఏటా వంచినట్టే తల వంచింది.

"ఆమెన్!" అంది షామియానా మొత్తం.

రూబీకి వినబడదు కదా, పెదాలు చూసింది. అన్నీ ఒకేసారి విచ్చుకుని మూసుకున్నాయి. అయినా అక్కడే నిలబడి, ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళింది. రెండో వరసలో సంఘం పెద్దావిడ సుభద్రమ్మ చెయ్యి పైకి లేచింది. రూబీ ఆ చెయ్యివైపే చూసింది. శాంతమ్మ కూడా చూసింది. సుభద్రమ్మ ఆ చేత్తో కొంగు అందుకుని కళ్ళొత్తుకుంది.

చివరి వరసలో బెన్హర్ తల వంచుకుని ఉన్నాడు. కూతురి మాట అతనికి సగమే అందుతుంది. ఆ సగం అందినట్టే ఉంది.

"ఎప్పటికంటే స్పష్టంగా చెప్పింది ఈసారి," అన్నారు అయ్యగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఒక్క అక్షరం పోనివ్వలేదు."

"మీరేం బెంగపెట్టుకోకండమ్మా," అన్నారు గణపతిరావు మాస్టారు శాంతమ్మవైపు తిరిగి. "బ్రహ్మాండంగా మాట్లాడుతోంది. మా క్లాసులో ఏ ఇబ్బందీ ఉండదు."

శాంతమ్మ ఆయనకి దండం పెట్టింది. ఇంకేం చేయాలో తోచక పులిహోర గిన్నె కోసం లోపలికి వెళ్ళింది. వెనకాలే రూబీ వచ్చి వంటగది తలుపు దగ్గరికి వేసింది.

"నలుగుర్లో నా పరువు తీసావే," అంది శాంతమ్మ.

"ఎవరికీ అర్థం కానేదు కదమ్మా. పరువెలాగ పోతాది?"

దానికి శాంతమ్మ తల్లులందరూ చేసే పనే చేసింది. పాతవన్నీ తవ్వింది.

"నీ సేత 'ప' అనిపించటానికి నేనెంత సచ్చానో తెలుసా నీకు? దీపం ముందు కూకోబెట్టి, నీ ఊపిరికి మంట కదిల్తేనే ముద్ద పెట్టేదాన్ని. నువ్వేడిస్తే నేనూ ఏడ్సేదాన్ని. నీ సెయ్యి నా పీక మీద పెట్టుకుని మిషను తొక్కేదాన్ని, నా గొంతు కదలటం నీకు తెలవాలని. అయినోళ్ళ పెళ్ళికి ఎల్లానా? ఒక పండగ సేసుకున్నానా? నువ్వు అమ్మా అన్న రోజు ఈ సందంతా తిరిగి బెల్లం పంచాను."

"తెలుసు."

"తెలిసీ ఇలాగ సేసావా?"

రూబీ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు. పెద్దవాళ్ళ మొహంలో ఉండే నీరసం ఉంది. అది చూసి శాంతమ్మకి భయమేసింది.

"నువ్వు అలిసిపోయావు. నాకు కనబడతాది. మరి నేనమ్మా? ఒక్కో మాటకి నాలిక ఎక్కడ పెట్టాలో తల్సుకోవాలి. గాలి ఎంత వదలాలో తల్సుకోవాలి. అదంతా అయ్యేసరికి ఏటి సెప్దామనుకున్నానో అది పోతాది. పగలంతా అందరి నోళ్ళూ సూసి సూసి సాయంత్రానికి కళ్ళు మండిపోతాయి. అన్నాల దగ్గర మీరు ముగ్గురూ నవ్వుకుంటారు. ఏటి అని అడిగితే ఏటీ నేదులే అంటావు."

"సిన్న సిన్న మాటలన్నీ ఏటని సెప్పనే..."

"అక్కడ వారం రోజుల్లో ఏటి అని ఒక్కసారి అడగనేదు నేను. అక్కర్లేకపోయింది. టీచరు పాఠం సెప్తే నాకు అర్థమైంది. నమ్ముతావా? మధ్యలో నేను ఎదురు ప్రశ్న కూడా వేసాను. ఇంటర్ అంతా బట్టీ కొట్టి పాసయ్యానమ్మా. ఒక్క ముక్క తెల్దు నాకు. ఇక్కడ సేరితే డిగ్రీ కూడా అంతే. మాస్టారు గోడవైపు తిరిగి సెప్తారు, నేను ముందు బెంచీలో కూకుని తలూపుతాను. మూడేళ్ళు తలూపుతాను."

శాంతమ్మ గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "నోరుంటే ఊళ్ళో బతకొచ్చే. ఆ సేతులు ఎవరికి తెలుస్తాయి? నేను పోయాక నీ మాట ఎవరింటారు?"

"నువ్వున్నప్పుడే ఎవరూ ఇనట్నేదు."

మెల్లగా అంది. చెంప మీద కొట్టినా శాంతమ్మకి అంత దెబ్బ తగిలి ఉండేది కాదు. ఏదో అందామని నోరు తెరిచింది. అదే సమయానికి తలుపు తోసుకుని అప్పలమ్మ వచ్చింది.

"ఓలె, అక్కడ జనం పేట్లు పట్టుకుని కూకున్నారు, మీరిక్కడ కూకుంటే ఎలాగే? పులిహోర దానంతటదే నడిసొస్తాదేటి?"

శాంతమ్మ గిన్నె ఎత్తుకుని బయటికి నడిచింది.

షామియానా కింద మంచి హుషారుగా ఉంది. అయ్యగారు ఆమెని చూడగానే లేచి ఎదురొచ్చారు. "శాంతమ్మా, ఒక్కసారి మళ్ళీ చెప్పించమ్మా ఆ వాక్యం. మన రమేష్‌బాబు ఫోన్లో తీస్తాడు. వచ్చే నెల సంఘాల కన్వెన్షన్లో తెర మీద చూపిద్దాం. వేలమంది చూస్తారు. ఎంతమంది తల్లులకి ధైర్యమొస్తుందో ఆలోచించు."

రమేష్‌బాబు అప్పటికే ఫోను పైకెత్తాడు. రూబీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేలమంది ఆమెన్ అనడం శాంతమ్మ కళ్ళముందు ఆడింది. ఏళ్ళ తరబడి ఆవిడ ఎదురుచూసిన గొప్ప రోజు అదే. చేతిలో ఉన్న గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"వద్దండి అయ్యగారూ."

"అదేంటమ్మా?"

"అది వాక్యం కాదండి. నా పిల్ల ఇవాళ వాక్యం సెప్పనేదు."

ఎవరో నవ్వారు, వేళాకోళమనుకుని. అయ్యగారు నవ్వలేదు. "మరి ఏం చెప్పిందమ్మా?"

శాంతమ్మ చెప్పింది. ఒక్క మాట కూడా దాచకుండా, ఆమెన్ అనకండి అన్న దగ్గర్నుంచి అమ్మ మాట ఇంకెప్పుడూ కాదనను అన్నదాకా. "మీరందరూ ఆమెన్ అన్నారండి," అని ముగించింది.

కొందరు ప్లేట్లలోకి చూసుకున్నారు. గణపతిరావు మాస్టారు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. సుభద్రమ్మే ముందు తేరుకుంది. "మేవేటి సేసామమ్మా? పిల్ల మనసు కష్టపడకూడదనే కదా..."

"నాకు ఆ వాక్యమే వినబడిందమ్మా," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. కుర్చీలో కూలబడ్డారు. "నిజంగా అదే వినబడింది. తప్పయిపోయింది. బిడ్డకి చెప్పు."

రూబీ గుమ్మంలోంచి అందరి పెదాలూ పట్టుకోవాలని చూస్తోంది. ఇంతమంది నోళ్ళు ఎలా పట్టుకోగలదు? శాంతమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడి, ఎవరేమన్నారో వరసగా, నిదానంగా చెప్పింది. ఏటీ నేదులే అనలేదు. సుభద్రమ్మ మాట చెప్పింది, అయ్యగారి మాట చెప్పింది, మాస్టారు ఏమీ అనలేదని కూడా చెప్పింది. రూబీ అంతా చూసి తలూపింది. తర్వాత ముందుకొచ్చి తల్లి పక్కనే నిలబడింది.

"నేను సెప్తాను. నువ్వు ఆళ్ళకి సెప్పు," అంది.

"సెప్పు."

"మీరందరూ మంచోళ్ళు. మీ మీద నాకు కోపం నేదు."

శాంతమ్మ ఆ మాట అందరికీ చెప్పింది.

"మా అమ్మ నాకు మాట నేర్పింది. ఇంకెవరి అమ్మా ఇంత కష్టపడదు."

శాంతమ్మకి ఇది చెప్పడం కష్టమైంది. తన గొప్ప తనే చెప్పుకున్నట్టుంది. అయినా చెప్పింది. ఆడవాళ్ళు ముక్కులు చీదారు.

"ఇన్నాళ్ళూ అమ్మ కోసం మాటాడాను. ఇదే ఆఖరు. ఇంక నోటితో మాటాడను."

షామియానా మొత్తం శాంతమ్మ వైపే చూస్తోంది. రమేష్‌బాబు చేతిలో ఫోను ఇంకా పైకే ఉంది.

"ఏటందమ్మా?" అని అడిగింది సుభద్రమ్మ. "సెప్పమ్మా, ఏటంది?"

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి అనేసినా ఎవరికీ తెలియదు. రూబీ మాత్రం తల్లి పెదాల వంక రెప్పవెయ్యకుండా చూస్తోంది.

"ఇదే ఆఖరంట," అంది శాంతమ్మ. "ఇంక మాటాడదంట."

రూబీ పెదాలు మూసుకుంది. కట్టుకున్న చేతులు విప్పింది. తల్లి ముందు, సంఘం ముందు, ఆ చేతులు రెండూ పైకెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. ఇందాక ప్లాట్‌ఫారం మీద ఉన్న పిల్ల అదే. కళ్ళు, కనుబొమలు, భుజాలు, వేళ్ళు అన్నీ కలిసి పరుగెత్తుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు, నాలిక వెతుక్కోవడం లేదు. ఇంత మాటకారి పిల్ల తన ఇంట్లో ఉందని శాంతమ్మకి అప్పుడే తెలిసింది.

రూబీ ఆగింది. అలవాటు కొద్దీ అందరూ శాంతమ్మ వైపు తిరిగారు.

"ఏటంటంది?"

"నాకు తెల్దు," అంది శాంతమ్మ. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. బెన్హర్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. ఇప్పుడూ విప్పలేదు. మిల్లులో మొద్దుబారిన రెండు చేతులూ ఎత్తి, బడిపిల్లాడు అక్షరాలు దిద్దినట్టు, ఆగి ఆగి, ఒకసారి తప్పు పోయి సరిదిద్దుకుని, కూతురికి బదులు చెప్పాడు. రూబీ రెండు క్షణాలు నమ్మలేనట్టు చూసి, మొహం చేతుల్లో దాచుకుని, మళ్ళీ తీసి, గబగబా ఏదో అడిగింది. బెన్హర్ తలూపి ఇంకేదో చెప్పాడు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు.

శాంతమ్మ భర్త వంక చూసింది, కూతురి వంక చూసింది. పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది.

"ఏటయ్యా, నీకెప్పుడొచ్చిందిది?" అంది. బెన్హర్ ఆమె వైపు తిరగలేదు. "ఒసే రూబీ, ఏటి సెప్పాడే మీ నాన్న? ఏటి మాటాడుకుంటన్నారు మీరిద్దరూ? నాకూ సెప్పండి."